కామాఠీపురా గ్యాలరీలో చూసిన వైఫై, మన పురుగుల షెడ్డు దాకా

ప్రతిసారీ మేత గురించో, రోగాల గురించో, మార్కెట్ ధర గురించో రాస్తాం. ఈసారి సిగ్నల్ గురించి రాస్తున్నాం. కొంచెం పొడుగ్గా ఉంది, మేత వేసి తీరిగ్గా కూర్చున్నప్పుడు చదవండి.

ముందు మా షెడ్డులో పోయిన ఎండాకాలం జరిగింది చెప్తాం. 150 గుడ్ల పంట, డబుల్ హైబ్రిడ్. నాలుగో జ్వరం లేచి నాలుగు రోజులైంది. పొద్దున పదకొండింటికి మేత వేసి దగ్గరి చుట్టాల పెళ్లికి పోయాం. పన్నెండు దాటాక వ్యవసాయ లైను ట్రిప్ అయింది. ఫాగర్లు ఆగిపోయాయి, ఫ్యాన్లు ఆగిపోయాయి. ఊళ్లో ఇళ్ల లైను వేరు కాబట్టి ఇంట్లో కరెంటు ఉంది, ముసలమ్మకు అనుమానమే రాలేదు. నాలుగున్నరకు తిరిగొచ్చి షెడ్డు తలుపు తీస్తే లోపల 38 డిగ్రీలు. ఐదో దశ పురుగుకు కావాల్సింది 24, 25 డిగ్రీలు, తేమ 70 శాతం. గోనెసంచులు తడిపి కట్టాం, నీళ్లు చల్లాం. లాభం లేకపోయింది. మూడో రోజు నుంచి పురుగులు మేత మానేశాయి, ఒళ్లు మెత్తబడి వాసన మొదలైంది. 100 కిలోలు దాటుతాయనుకున్న గూళ్లు 41 కిలోలకు ఆగాయి.

ఇంటికీ షెడ్డుకూ మధ్య దూరం 350 మీటర్లు. ఆ మధ్యలో ఎవరో ఒకరికి ఒక్క కబురు అందినా జనరేటర్ వేసేవాళ్లం. కానీ షెడ్డు పల్లంలో ఉంది, ఫోను సిగ్నల్ గోడ ఎక్కి నిలబడితే తప్ప రాదు. కరెంటు పోతే మెసేజ్ పంపే పరికరాలు అమ్ముతున్నారు గానీ, వాటిలో సిమ్ వేసినా సిగ్నల్ ఉండాలి కదా.

దీనికి దారి మాకు బొంబాయిలో దొరికింది. అదీ కామాఠీపురాలో.

*మనవాళ్ల గల్లీలు*

కామాఠీపురా అనగానే సినిమాలు చూసినవాళ్లకు ఒకటే గుర్తొస్తుంది. మన పల్లెల్లో మాత్రం ఆ పేరు వేరే రకంగా తెలుసు. తాతల కాలం నుంచి "బొంబయి పోయిండు" అంటే చాలామంది చేరింది అక్కడికే. 1780లలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట పడి, సముద్రపు నీళ్లు లోపలికి రావడం ఆగాక, ఆ పల్లపు నేలలు ఇళ్లకు పనికొచ్చాయి. నిజాం ఇలాకా నుంచి కూలికి పోయిన తెలుగువాళ్లను అక్కడ కామాఠీలు అన్నారు. రాళ్లు మోసింది, గోడలు లేపింది, రోడ్లు వేసింది వాళ్లే. వాళ్లు ఉన్న చోటు కామాఠీపురా అయింది. కొందరు మేస్త్రీలు పెద్ద కాంట్రాక్టర్లయ్యారు. 1873లో జ్యోతిరావు ఫూలే సత్యశోధక్ సమాజ్ పెట్టినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్లలో ఈ తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు.

తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి. మన పద్మశాలీలు వర్లీ వైపు చేరారు. అక్కడ 1920లలో ప్రభుత్వం కట్టిన బీడీడీ చాళ్లలో ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. వర్లీలోనే అలాంటి భవనాలు 121 ఉండేవి. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మె తర్వాత చాలామంది మగ్గం, మిల్లు రెండూ వదిలేసి పెయింటింగ్‌కు, ఎలక్ట్రిక్ పనికి, కేబుల్ పనికి మళ్లారు. మన గూడు నుంచి తీసిన దారం నేసిన చేతుల మనవలు ఇప్పుడు కేబుల్ వైర్లు లాగుతున్నారన్నమాట.

మాలో ఒకరి మేనమామ కామాఠీపురాలోనే ఉంటాడు. ఆయన జీవితమంతా భవనాలకు పెయింటింగ్, వాటర్‌ప్రూఫింగ్ చేశాడు. కొడుకు కేబుల్ పని చేస్తాడు. పోయిన వానాకాలం ఒక పని మీద మేము ఇద్దరం వాళ్లింటికి పోయాం.

*గల్లీకి అటు ఒక ఖోలీ, ఇటు ఒక ఖోలీ*

వాళ్ల కుటుంబానికి ఎదురెదురు చాళ్లలో రెండు ఖోలీలు. మధ్యలో గల్లీ. ఇంటర్నెట్ కనెక్షన్ ఒకటే, మామ ఖోలీలో. 2020 లాక్‌డౌన్‌లో ఎదురు ఖోలీలో ఉన్న మనవరాళ్లకు ఫోన్లో క్లాసులు మొదలయ్యాయి. పాత భవనాల గోడలు మందం, మామ రౌటర్ సిగ్నల్ గల్లీ దాటేది కాదు. పిల్లలు మెట్ల మీద కూర్చుని చదివేవాళ్లు. గల్లీకి అడ్డంగా వైరు లాగితే రెండుసార్లు తెగింది.

అప్పుడు కొడుకు ఒక పని చేశాడు. పని చేసే ఇళ్లలో పారేసిన పాత రౌటర్లు రెండు తెచ్చాడు. రెండింటినీ రెండు ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాల్లో పెట్టి ఈ గ్యాలరీకి ఒకటి, ఆ గ్యాలరీకి ఒకటి కట్టాడు. ఒకటి పంపుతుంది, ఇంకోటి అందుకుంటుంది. పక్కనే లామింగ్టన్ రోడ్డు, ఎలక్ట్రానిక్స్ సామాన్లకు పేరు. కావాల్సిన చిన్న పిన్నులు, అడాప్టర్లు అక్కడ దొరికాయి. మిగతావి చోర్ బజార్లో, గల్లీ చివర భంగార్ దుకాణంలో. మొత్తం ఖర్చు ఒక కొత్త రౌటర్ ధర కంటే తక్కువ.

మొదటి వానకే ఒక డబ్బా చచ్చిపోయింది. వైరు కోసం డబ్బా పైన రంధ్రం చేశాడట. నీళ్లు దిగి బోర్డు కాలిపోయింది. అప్పుడు మామ కల్పించుకున్నాడు. ఆయన మాటల్లోనే చెప్తాం:

"అల్లుడా, నలభై ఏండ్లు గోడలకు నీళ్లు ఆపే పని చేసిన. నీళ్లను ఆపలేం. ఎటు పోవాల్నో దారి చూపియ్యాలె, గంతే. రంధ్రం కింద పెట్టు. వైరు ముందు కిందికి వంగి, మళ్లీ పైకి ఎక్కి డబ్బాలకు పోవాలె. ఆ వంపు కాడ చుక్క రాలిపోతది. ఎంత మూసినా లోపల చెమ్మ పడ్తది, గది కూడా దిగిపోనీకి ఇంకో సన్న రంధ్రం ఉంచు."

మేము పోయినప్పుడు జూలై. బొంబాయి వాన సంగతి తెలిసిందే, ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురుస్తోంది. ఆ డబ్బాలు మాత్రం నిక్షేపంగా పనిచేస్తున్నాయి. ఒక్క ఇబ్బంది చూశాం. కింది అంతస్తువాళ్లు వాన జల్లు రాకుండా గ్యాలరీకి రేకు కట్టుకున్నారు. ఆ రోజు సిగ్నల్ పడిపోయింది. నీలం తాడిపత్రి కడితే ఏం కాలేదు, రేకు కడితే ఆగిపోయింది. ప్లాస్టిక్‌లోంచి వైఫై పోతుంది, లోహంలోంచి పోదు. మన షెడ్ల పైకప్పు రేకే కదా అని అప్పుడే మాకు తట్టింది.

*ఇది ఒక్క ఇంటి తెలివి కాదు*

ఇంటికి తిరిగొచ్చాక కొంచెం చదివాం. వైఫైని ఊరి అవసరానికి వాడుకోవడం మన దేశంలో ఎప్పుడో మొదలైంది. 2000ల మధ్యలోనే పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో ఊళ్ల మధ్య దూరపు వైఫై లింకులు వేసి, వీడియోలో వైద్యం, వ్యవసాయ సలహాలు అందించింది. 2005లో హిమాచల్‌లోని ధర్మశాలలో ఎయిర్‌జల్దీ కొండల మధ్య వైఫై వల వేసింది. 2010లో మధ్యప్రదేశ్‌లోని చందేరీలో, పట్టు చీరలు నేసే వీధుల్లో, డిజిటల్ ఎంపవర్‌మెంట్ ఫౌండేషన్, ఇంటర్నెట్ సొసైటీ కలిసి నేతగాళ్ల కోసం ఇలాంటి వైర్‌లెస్ లింకులు పెట్టాయి. బొంబాయి పక్కనే పాల్ఘర్ జిల్లాలో ఐఐటీ బాంబే వాళ్ల 'గ్రామ్ మార్గ్' పల్లెలకు ఇంటర్నెట్ తీసుకుపోయింది. స్పెయిన్‌లోని కాటలోనియాలో 2004లో రైతుల ఊళ్లలో మొదలైన 'గ్విఫి' వలలో ఇప్పుడు వేల నోడ్లు ఉన్నాయి. నోడ్ అంటే మరేం లేదు, సిగ్నల్ అందుకుని ముందుకు పంపే ఒక మజిలీ.

ఇక మేము చేసింది వరుసగా చెప్తాం. తప్పులతో సహా.

*1. పాత రౌటర్*

ఇంట్లో మూలన పడ్డవి, కనెక్షన్ మార్చినప్పుడు మిగిలినవి రెండు కావాలి. సెట్టింగుల్లో 'డబ్ల్యూడీఎస్' లేదా 'బ్రిడ్జ్' అని ఉంటే అదే చాలు, సాఫ్ట్‌వేర్ మార్చనక్కర్లేదు. లేకపోతే ఓపెన్‌వర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించవచ్చు. దానికి రౌటర్‌లో కనీసం 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ మెమరీ ఉండాలి. మరీ పాతవాటిలో 4, 32 మాత్రమే ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. ఈ పని కంప్యూటర్ తెలిసిన పిల్లలకు అప్పజెప్పండి. పాస్‌వర్డ్ తప్పకుండా పెట్టండి.

*2. డబ్బా*

మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా ఏదైనా సరే. మామ చెప్పినట్టు రంధ్రాలు కిందనే. చెమ్మ దిగే రంధ్రం 5 మిల్లీమీటర్లు చాలు. దానికి లోపలి నుంచి ఊజీ వల ముక్క అంటించండి, లేకపోతే చీమలు, బల్లులు కాపురం పెడతాయి. బొంబాయిలో బాధ వాన, మనకు బాధ ఎండ. మే నెలలో మూసిన డబ్బా లోపల రౌటర్ ఉడికిపోతుంది. మేము పగిలిన బకెట్‌ను గొడుగులా పైన బోర్లించి, డబ్బాకూ బకెట్‌కూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంచాం. డబ్బాకు తెల్ల రంగు వేశాం. వెండి రంగు అల్యూమినియం పెయింట్ మాత్రం వేయొద్దు, అది లోహమే.

ఇంకో ముఖ్యమైన మాట. డబ్బాను షెడ్డు లోపల పెట్టొద్దు. రేకు కప్పు సిగ్నల్ ఆపుతుంది, అది ఒకటి. రెండోది, మనం ప్రతి పంటకూ బ్లీచింగ్ పౌడర్‌తో, క్లోరిన్ మందులతో షెడ్డును శుద్ధి చేస్తాం. ఆ ఆవిరి రాగి తీగలను, బోర్డును తినేస్తుంది. బయట గోడకే కట్టండి. కిటికీకి నైలాన్ ఊజీ వల ఉంటే సిగ్నల్‌కు అడ్డం లేదు, స్టీలు జాలీ ఉంటే అడ్డమే.

*3. కరెంటు, వైరు*

బయటి డబ్బాలోకి 230 వోల్టుల లైను ఎప్పుడూ తీసుకుపోవద్దు. తడిసిందంటే ప్రాణం మీదికి వస్తుంది. నెట్‌వర్క్ కేబుల్‌లో ఎనిమిది తీగలు ఉంటాయి. మామూలు 100 ఎంబీ లింకుకు నాలుగే వాడతాం. మిగిలిన నీలం జత ప్లస్‌కు, గోధుమ రంగు జత మైనస్‌కు వాడి అదే కేబుల్‌లో 12 వోల్టులు పంపవచ్చు. దీనికి 'పీఓఈ స్ప్లిటర్' అని చిన్న జత పిన్నులు దొరుకుతాయి. సొంతంగా తీగలు కలపకుండా అవే కొనుక్కోండి. దూరం పెరిగితే వోల్టేజీ తగ్గుతుంది. 30 మీటర్ల కేబుల్‌లో అర ఆంపియర్ పోతే దాదాపు 1.25 వోల్టులు దారిలోనే ఖర్చవుతాయి. 12 వోల్టుల రౌటర్‌కు పర్వాలేదు, 5 వోల్టుల దానికి ఆ లెక్కన పనిచేయదు.

బయట ఎండకు కేబుల్ పైతోలు ఏడాదిలో పగులుతుంది, ఉడుతలు కొరుకుతాయి. మన దగ్గర పాత డ్రిప్ లాటరల్ పైపులు కుప్పలుగా ఉంటాయి కదా. 16 మిల్లీమీటర్ల పైపులోంచి కేబుల్ హాయిగా దూరుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

*4. బ్యాటరీ*

కరెంటు పోయినప్పుడే కబురు కావాలి కాబట్టి బ్యాటరీ లేకుండా ఈ పనికి అర్థం లేదు. పాత యూపీఎస్‌లో 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటుంది. కొత్తదైతే 5 వాట్ల రౌటర్‌ను ఎనిమిది గంటలు నడుపుతుంది. మాకు దొరికిన పాతది నాలుగు గంటలు లాగుతోంది, మన పనికి అది చాలు. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ వోల్టేజీ 14 దాకా ఎక్కుతుంది. అందుకే రౌటర్‌కు ముందు చిన్న వోల్టేజీ రెగ్యులేటర్ బోర్డు పెట్టాం. పూర్తిగా చచ్చిన బ్యాటరీని చెత్తలో పారేయకండి, అందులో సీసం ఉంటుంది, బ్యాటరీ దుకాణానికే తిరిగి ఇవ్వండి. రాగి కోసం పాత వైర్లు కాల్చకండి, ఆ పొగ మనకూ పురుగుకూ రెండింటికీ చేటు.

*5. మల్బరీయే అడ్డం*

మా పెద్ద తప్పు ఇక్కడ జరిగింది. కొమ్మలు కత్తిరించిన వారంలో రెండు డబ్బాలూ కట్టాం. షెడ్డు చూరుకు ఒకటి, ఇంటి గోడకు ఒకటి, రెండూ రెండున్నర మీటర్ల ఎత్తులో. రౌటర్ తెరలో సిగ్నల్ మైనస్ 63 చూపించింది. ఈ లెక్క సున్నాకు దగ్గరైతే మంచిది. మైనస్ 65 బాగున్నట్టు, మైనస్ 80 దాటితే తెగుతున్నట్టు. అబ్బో అనుకున్నాం. నెల తిరిగేసరికి మైనస్ 70. యాభయ్యో రోజుకు మైనస్ 84, లింకు పోయింది. రౌటర్ పాడైందనుకుని విప్పాం, మళ్లీ కట్టాం. ఏమీ తేడా లేదు.

తర్వాత అర్థమైంది. ఎదిగింది మా వీ1 తోట. ఆకులో ఉండేది నీళ్లే, ఆ నీళ్లు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను తాగేస్తాయి. ఇంకా తమాషా ఏమిటంటే, తోట బాగా ఎదిగి ఉండేది ఐదో దశ మేత అప్పుడే. అంటే మనకు సిగ్నల్ ఎప్పుడు ఎక్కువ అవసరమో అప్పుడే అది సన్నబడుతుంది. మీరు పెట్టేటప్పుడు కత్తిరించిన తోట మీద కాదు, ఎదిగిన తోట మీద పరీక్ష చేయండి.

ఇంకో లెక్క ఉంది. రెండు డబ్బాలు ఒకదానికొకటి కనబడితే చాలదు. సిగ్నల్ దారంలా సన్నగా పోదు, మధ్యలో దోసకాయలా ఉబ్బుతుంది. 350 మీటర్ల దూరానికి మధ్యలో ఆ ఉబ్బు కింద పైన 3.3 మీటర్ల చొప్పున ఉంటుంది. అందులో కనీసం 60 శాతం, అంటే రెండు మీటర్లు ఖాళీ ఉండాలి. మల్బరీ రెండు మీటర్లు, దానిపైన ఖాళీ రెండు మీటర్లు. కాబట్టి నాలుగు మీటర్ల పైన కట్టాలి. మేము పాత బోరు పైపులు పాతి నాలుగున్నర మీటర్లకు ఎత్తాం. ఇనుప పైపుకు ఎర్తింగ్ చేయించాం. ఉరుములు మొదలైతే కేబుల్ పీకేస్తాం. అదృష్టం మీద వదిలేసే పని కాదిది.

*6. పాత డిష్*

ఎత్తు పెంచాక సిగ్నల్ వచ్చింది గానీ ఇంకొంచెం బలం ఉంటే మంచిదనిపించింది. ఊళ్లో ప్రతి మిద్దె మీదా వాడని డీటీహెచ్ డిష్ ఒకటి తుప్పు పడుతోంది. ఇంటి వైపు అది పెట్టాం. మధ్యలో ఉండే ఎల్ఎన్‌బీ తీసేసి, రౌటర్ ఏంటెన్నా సరిగ్గా ఆ చోటికి వచ్చేలా డబ్బా కట్టాం. రెండు కిటుకులు. ఈ డిష్ నిలువుగా కనిపించినా ఆకాశం వైపు 22 నుంచి 25 డిగ్రీల పైకి చూస్తుంటుంది. కాబట్టి ఎదురుగా చూడాలంటే నేలకేసి వంగినట్టు కట్టాలి. ఇంకోటి, రెండు వైపులా ఏంటెన్నాలు ఒకే తీరులో నిలువుగా ఉండాలి.

డిష్ లేకపోతే రేకు డబ్బాతో కూడా ఏంటెన్నా చేయవచ్చు. 9 సెంటీమీటర్ల అడ్డకొలత, 15 లేదా 16 సెంటీమీటర్ల పొడవు ఉన్న డబ్బా తీసుకోండి. అడుగు నుంచి 5.1 సెంటీమీటర్ల దగ్గర రంధ్రం చేసి, 3.1 సెంటీమీటర్ల రాగి తీగ నిలబెట్టాలి. అడ్డకొలత 10 సెంటీమీటర్లు ఉంటే సరిగ్గా పనిచేయదు. డబ్బా నోటికి ప్లాస్టిక్ మూత ఉంచండి, లేదంటే కందిరీగలు గూడు పెడతాయి.

ఇప్పుడు మా లింకు మైనస్ 57. తోట నిండుగా ఎదిగినప్పుడు మైనస్ 60. అంతకు మించి పడలేదు.

*7. కబురు అందేదెలా*

షెడ్డులో 'డీహెచ్‌టీ22' అనే చిన్న సెన్సర్ పెట్టాం, వేడి, తేమ రెండూ చూస్తుంది. దాన్ని 'ఈఎస్‌పీ8266' అనే వైఫై బోర్డుకు కలిపాం. రెండూ కలిపి ఒక బస్తా ఎరువు ధర కూడా కాదు. శుద్ధి చేసే రోజు వీటిని విప్పి బయట పెడతాం. నిమిషానికి ఒకసారి అది ఇంట్లో ఉన్న ఇంకో బోర్డుకు లెక్క పంపుతుంది. 30 డిగ్రీలు దాటితే ఇంట్లో బజర్ మోగుతుంది. ఐదు నిమిషాలు ఏ కబురూ రాకపోయినా మోగుతుంది. ఈ రెండోది ముఖ్యం. పరికరం చచ్చిపోతే చెప్పేవాడే ఉండడు కదా, అందుకే కబురు ఆగడాన్నే ప్రమాదంగా లెక్కపెట్టాం. ఇంట్లో ఉన్న బోర్డుకూ బ్యాటరీ ఉంది.

ఇంటర్నెట్ లేని రోజు కూడా ఇది పనిచేస్తుంది. ఇంటికీ షెడ్డుకూ మధ్య లింకు మనదే కాబట్టి. సెన్సర్‌ను గుడ్డిగా నమ్మొద్దు, గోడకున్న తడి-పొడి థర్మామీటర్‌తో ప్రతి పంటకు ముందు సరిచూసుకోండి. ఎక్కువ తేమలో ఉంటే సెన్సర్ కొన్నాళ్లకు తప్పు చూపిస్తుంది.

*8. చట్టం ఏమంటుంది*

2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి 2005 నుంచి, 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ భాగానికి 2018 నుంచి విడిగా లైసెన్సు అక్కర్లేదు. కానీ హద్దు ఉంది. 2.4లో ఏంటెన్నా బలంతో కలిపి మొత్తం 4 వాట్లు, అంటే 36 డీబీఎం దాటకూడదు. 60 సెంటీమీటర్ల డిష్ దాదాపు 20 డెసిబెల్స్ బలం ఇస్తుంది. రౌటర్ 20 డీబీఎం పంపుతుంటే రెండూ కలిపి 40 అవుతాయి, అది హద్దు మీరడమే. కాబట్టి సెట్టింగుల్లో రౌటర్ బలం 15కు తగ్గించండి. మాది అలాగే ఉంది, మన దూరానికి అదే ఎక్కువ.

మీ ఇంటి నుంచి మీ షెడ్డుకు వేసుకోవడం వేరు, ఊరికంతా డబ్బులు తీసుకుని ఇంటర్నెట్ ఇవ్వడం వేరు. అలా చేయాలనుకుంటే 2020 డిసెంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి పద్ధతి ఉంది, అందులో కిరాణా కొట్టువాళ్లు కూడా లైసెన్సు ఫీజు లేకుండా చేరవచ్చు.

*లెక్క ఎంతయింది*

రౌటర్లు, డిష్, డబ్బాలు, బకెట్, పైపులు అన్నీ ఇంట్లో, ఊళ్లో దొరికినవే. కేబుల్, స్ప్లిటర్లు, రెగ్యులేటర్, పాత బ్యాటరీలకు 1,300 రూపాయలు. సెన్సర్, బోర్డులు, బజర్‌కు 800. మొత్తం 2,100. పోయిన పంటలో పోగొట్టుకున్న 60 కిలోల గూళ్ల ధర ముందు ఇది ఎంత? మీరే లెక్క వేసుకోండి.

ఈ ఎండాకాలం పంటలో లైను రెండుసార్లు మధ్యాహ్నం పూట ట్రిప్ అయింది. మొదటిసారి బజర్ మోగగానే పరుగెత్తాం, పది నిమిషాల్లో జనరేటర్ నడిచింది. రెండోసారి జనరేటర్ మొండికేసింది, అయినా టైముకు పోయాం కాబట్టి తడి గోనెలు కట్టి, కిటికీలు తీసి 31 దగ్గర ఆపగలిగాం. 150 గుడ్లకు 104 కిలోలు వచ్చాయి. వైఫై పురుగును పెంచదు, ఆ సంగతి మాకు తెలుసు. ఆకు బాగుంది, శుద్ధి బాగా చేశాం, చాకీ మంచిది దొరికింది. కానీ ఆ రెండు మధ్యాహ్నాలు దాటకపోతే మిగతావన్నీ బూడిదలో పోసినట్టే అయ్యేవి.

షెడ్డుకు లింకు వచ్చిన రోజు అక్కడి నుంచి మొదటి వీడియో కాల్ కామాఠీపురాకే చేశాం. ఐదో దశ పురుగులు అప్పుడే వేసిన మేత తింటున్నాయి. ఆ చప్పుడు మీకు తెలిసిందే. మామ కాసేపు విని, "ఏం అల్లుడా, ఊర్ల వాన పడ్తుందా?" అన్నాడు. ఫోను పురుగుల మీదికి తిప్పి చూపించాం. ఆయన చిన్నప్పుడు ఊరు వదిలినవాడు, పట్టు పురుగును ఎప్పుడూ చూడలేదు. చాలాసేపు ఏం మాట్లాడకుండా చూశాడు. తర్వాత అడిగింది ఒకటే. "డబ్బాకు రంధ్రం కింద పెట్టిన్రా లేదా?"

పెట్టాం మామా.

ఇంట్లో వాడని రౌటర్లు ఉన్నవాళ్లు వచ్చే సమావేశానికి తీసుకురండి, లేనివాళ్లకు ఇద్దాం. మా డబ్బాలు, డిష్ కట్టిన తీరు ఫోటోలు గ్రూపులో పెడుతున్నాం. మీరు కడితే మీ దూరం ఎంత, తోట ఎత్తు ఎంత, సిగ్నల్ ఎంత అని మూడు లెక్కలు రాసి పంపండి. షెడ్డు దూరంగా ఉన్న రైతులకు ఇది ఫార్వర్డ్ చేయండి. సందేహాలుంటే రాత్రి ఎనిమిది తర్వాత వాయిస్ మెసేజ్ పెట్టండి, మేత వేసి వచ్చి జవాబిస్తాం.